కారు ఇంజిన్ విప్పించారా? బేరింగ్‌లు కొనేముందు ఒక్కసారి ఇది చదవండి.. సైజు చెప్పాల్సింది షాపు కాదు, క్రాంకు!

కారు ఇంజిన్ పనికొచ్చింది. మెకానిక్ హెడ్ దించాడు, ఆయిల్ ఛాంబర్ విప్పాడు, క్రాంక్ షాఫ్ట్ బయటికి తీశాడు. అరిగిపోయిన షెల్ బేరింగ్‌లు మీ చేతిలో పెట్టి, "సార్.. ఇవి మార్చాలి. కంపెనీవి తెమ్మంటారా, బయటివి వేసేద్దామా?" అని అడిగాడు. మనలో చాలామందికి తెలిసిన జవాబు ఒక్కటే. "మంచివే వెయ్యి బాబూ!"

అక్కడే పప్పులో కాలేస్తున్నాం. కంపెనీవా, బయటివా అన్నది రెండో ప్రశ్న. మొదట అడగాల్సింది వేరే ఉంది. "క్రాంకు కొలిపించారా? కొలత ఎంతొచ్చింది?" విజయవాడ ఆటోనగర్‌లో చేయించినా, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో సామాను కొని ఊళ్లో బిగించుకున్నా ఈ ప్రశ్న తప్పదు. కొలవకుండా వేసిన ఖరీదైన బేరింగ్ కన్నా, కొలిచి వేసిన మామూలు బేరింగే ఎక్కువ కాలం నడుస్తుంది. ఇంజిన్ బిల్లులో షెల్స్ ఖర్చు చిన్నదే. కానీ అవి పట్టేస్తే క్రాంకు, కనెక్టింగ్ రాడ్డు, ఒక్కోసారి బ్లాక్ కూడా పోతాయి. అంటే పెట్టిన డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరే.

వెంట్రుక కూడా దూరని సందు

బేరింగ్ అనగానే చక్రాల్లో ఉండే గోళీల బేరింగ్ గుర్తొస్తుంది. ఇంజిన్ లోపలివి అలా ఉండవు. వెదురు బొంగును నిలువుగా చీల్చితే ఎలా ఉంటుందో అలా.. రెండు సగం గుండ్రాలు. రెండూ కలిపితే ఒక పూర్తి రింగు. అందుకే మెకానిక్‌లు వీటిని 'షెల్స్' అంటారు. మామూలు నాలుగు సిలిండర్ల కారులో క్రాంకును బ్లాక్‌లో మోసే మెయిన్ బేరింగ్‌లు ఐదు, కనెక్టింగ్ రాడ్ల అడుగున ఉండే బిగ్ ఎండ్ బేరింగ్‌లు నాలుగు. మొత్తం తొమ్మిది చోట్ల పద్దెనిమిది షెల్స్. క్రాంకు ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్లు వీటికి అదనం.

ఇంజిన్ తిరుగుతున్నప్పుడు క్రాంకు ఈ షెల్స్‌ను తాకదు. మధ్యలో ఉన్న ఆయిల్ పొర మీద తేలుతుంది. వానలో స్పీడుగా వెళ్తే టైరు నీళ్ల మీద తేలి కారు జారుతుంది కదా.. అదే సూత్రం. రోడ్డు మీద అది ప్రమాదం, ఇంజిన్‌లో అదే ప్రాణం. అరుగుదల ఎక్కువగా జరిగేది స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో, ఆయిల్ పొర ఇంకా ఏర్పడకముందు.

ఆ పొర నిలవాలంటే క్రాంకుకూ షెల్‌కూ మధ్య సందు సరిగ్గా ఉండాలి. చాలా చిన్న పెట్రోల్ ఇంజిన్లలో అది సుమారు 0.02 నుంచి 0.05 మి.మీ. మన తల వెంట్రుక మందం దాదాపు 0.07 మి.మీ. అంటే వెంట్రుక కూడా దూరనంత సందు అన్నమాట! అది పెరిగితే ఆయిల్ పక్కల నుంచి కారిపోతుంది, ప్రెషర్ పడిపోతుంది, వేడెక్కాక ఐడిలింగ్‌లో ఆయిల్ లైటు మినుకుమినుకుమంటుంది, కింద నుంచి టకటకా శబ్దం మొదలవుతుంది. తగ్గితే ఇంకా ప్రమాదం. పొర ఏర్పడే చోటే ఉండదు. లోహం లోహాన్ని రాసుకుని, వేడెక్కి, పట్టేస్తుంది.

పాత షెల్స్ పారేయొద్దు, వాటి కథ వినండి

కొత్తవి కొనడానికి ముందు పాతవాటిని వరసగా, ఏ నంబరు ఎక్కడిదో రాసి, ఒక అట్టముక్క మీద పేర్పించండి. ఫోన్‌లో ఫొటో తీసుకోండి. వాటిని చూస్తే రోగమేంటో తెలుస్తుంది. రోగం తెలియకుండా షెల్స్ మాత్రమే మారిస్తే కొత్తవీ అదే దారిన పోతాయి.

చుట్టూ సన్నటి గీతలు, పొదుగుకున్న నలుసులు కనిపిస్తే ఆయిల్‌లో మట్టి, ఇసుక తిరిగినట్టు. ఫిల్టర్ల సంగతి చూడాలి. నల్లగా మాడి, పైపొర పూసినట్టు జారిపోయి ఉంటే ఆయిల్ అందలేదని అర్థం. ఆయిల్ పంపు, స్ట్రెయినర్, బ్లాక్‌లోని ఆయిల్ దారులు చెక్ చేయకుండా ముందుకెళ్లొద్దు. షెల్ ఒక అంచు మాత్రమే అరిగి రెండో అంచు కొత్తదానిలా ఉంటే కనెక్టింగ్ రాడ్డు వంగి ఉండొచ్చు, లేదా క్రాంకు జర్నల్ ఒక పక్కకు సన్నబడి ఉండొచ్చు. మెయిన్స్‌లో మధ్యవి మాత్రం ఎక్కువ అరిగి చివరివి బాగుంటే క్రాంకు వంపు చూపించాలి.

చాలామంది చూడనిది షెల్ వెనక వైపు. అక్కడ ఒకచోట మాత్రం మెరిసే మచ్చ ఉంటే పోయినసారి బిగించినప్పుడు షెల్‌కూ బ్లాక్‌కూ మధ్య నలుసు ఇరుక్కుందన్నమాట. అంత చిన్న నలుసే లోపలివైపు షెల్‌ను ఉబ్బించి, సరిగ్గా అదే చోట అరగదీస్తుంది. ఇది పార్టు తప్పు కాదు. బిగించిన చేతి తప్పు.

కంటిచూపు చాలదు, మైక్రోమీటరు పెట్టాల్సిందే

"గోరుతో గీకి చూశాను సార్, గీత తగల్లేదు, క్రాంకు బాగుంది" అంటారు కొందరు. గోరుకు తగిలేది గీతే, సైజు కాదు. నున్నగా మెరుస్తూనే జర్నల్ కోడిగుడ్డులా అయిపోయి ఉండొచ్చు. కంప్రెషన్ దెబ్బ ఎప్పుడూ ఒకే వైపు పడుతుంది కాబట్టి బిగ్ ఎండ్ జర్నల్స్ అలాగే అరుగుతాయి.

లేత్ షాపులో చేయాల్సిన పని ఇది. ప్రతి జర్నల్‌నూ మైక్రోమీటరుతో నిలువుగా, అడ్డంగా, రెండు చివర్లా కొలవాలి. నిలువుకూ అడ్డానికీ తేడా ఉంటే గుండ్రం పోయినట్టు. రెండు చివర్లకూ తేడా ఉంటే ఏటవాలు వచ్చినట్టు. తర్వాత క్యాప్‌లను సరైన టార్క్‌తో బిగించి, షెల్ కూర్చునే రంధ్రాన్ని బోర్ గేజ్‌తో కొలవాలి. ఒకసారి బేరింగ్ తిరిగిపోయిన రాడ్డయితే ఆ రంధ్రం కూడా సాగి ఉంటుంది. అందులో ఎంత మంచి షెల్ వేసినా నిలవదు.

ఈ అంకెలన్నీ ఒక కాగితం మీద రాయించుకోండి. రాసివ్వమంటే విసుక్కునే షాపు అసలు కొలవలేదేమో అని అనుమానించడంలో తప్పులేదు.

'స్టాండర్డ్'లోనూ ఐదు రకాలు!

క్రాంకు అరగలేదు, కొలతలు కంపెనీ చెప్పిన పరిధిలోనే ఉన్నాయి. అయితే స్టాండర్డ్ సైజు షెల్స్ వేస్తే సరిపోతుంది. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. తెలియనిది ఏంటంటే, చాలా ఇంజిన్లలో స్టాండర్డ్ అంటే ఒకే సైజు కాదు.

మన రోడ్ల మీద బాగా తిరిగిన సుజుకి జి సిరీస్ 1.3 లీటర్ ఇంజిన్‌నే తీసుకోండి. జిప్సీలో, ఎస్టీమ్‌లో, 2005లో వచ్చిన మొదటి స్విఫ్ట్ పెట్రోల్‌లో ఉన్నది ఈ కుటుంబమే. దీని మెయిన్ జర్నల్ సుమారు 45 మి.మీ. ఫ్యాక్టరీలో తయారైన ప్రతి క్రాంకూ మైక్రాన్ల లెక్కలో కాస్త అటూఇటూగా వస్తుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. అందుకే జర్నల్స్‌ను 1, 2, 3 అని మూడు తరగతులుగా విడదీసి, ఆ అంకెల్ని క్రాంకు వెబ్ మీదే కొడతారు. 1 అంటే లావు, 3 అంటే సన్నం. తరగతికీ తరగతికీ తేడా 6 మైక్రాన్లు. బ్లాక్‌లోని రంధ్రాలకూ అలాగే ఎ, బి, సి గుర్తులు. ఎ చిన్నది, సి పెద్దది.

ఈ రెండు గుర్తుల్నీ కలిపి చూసి షెల్ ఎంచుకోవాలి. షెల్స్ ఐదు మందాల్లో వస్తాయి, గుర్తుపట్టడానికి పక్కన రంగు చుక్క వేస్తారు. అన్నిటికన్నా పల్చనిది ఆకుపచ్చ. తర్వాత నలుపు, రంగు లేనిది, పసుపు. అన్నిటికన్నా మందమైనది నీలం. ఒక్కో మెట్టుకు తేడా 3 మైక్రాన్లే. క్రాంకు మీద 1, బ్లాక్ మీద బి ఉంటే నలుపు వేయాలి. 1, ఎ అయితే ఆకుపచ్చ. 3, సి అయితే నీలం. ఐదు జర్నల్స్‌కు ఐదు వేర్వేరు గుర్తులు ఉండొచ్చు కాబట్టి ఒకే ఇంజిన్‌లో మూడు రంగుల షెల్స్ పడినా ఆశ్చర్యపోవాల్సిన పనిలేదు.

"మూడు మైక్రాన్లకు ఇంత రాద్ధాంతమా?" అనిపిస్తుంది. లెక్క చూడండి. ఆకుపచ్చ పడాల్సిన చోట నీలం వేస్తే నాలుగు మెట్లు తేడా. ఒక్కో షెల్‌కు 12 మైక్రాన్లు. పైనా కిందా కలిపి 24 మైక్రాన్లు, అంటే 0.024 మి.మీ. మొత్తం సందే 0.02 నుంచి మొదలవుతుందని పైన చెప్పుకున్నాం. అంటే సందు మొత్తం మాయం! డబ్బా మీద 'స్టాండర్డ్' అనే ఉంటుంది, కొన్నది ఒరిజినలే అయి ఉంటుంది.. అయినా క్రాంకు చేత్తో తిప్పితే తిరగదు.

బయటి బ్రాండ్ల సెట్లు చాలావరకు ఒకే మందంతో వస్తాయి. అవి పనికిరావని కాదు. కానీ వేసి చూసి సందు కొలవకుండా నమ్మకూడదు. ఇంకో మాట. ఫ్యాక్టరీ కొట్టిన అంకె ఆ క్రాంకు పుట్టిన రోజు సంగతి. లక్షన్నర కిలోమీటర్లు తిరిగాక దాని మాట కన్నా మైక్రోమీటరు మాటే నిజం. ఇక ఒకసారి గ్రైండింగ్ చేశాక ఆ అంకెలకు అర్థమే లేదు.

పది సైజు, ఇరవై సైజు అంటే?

జర్నల్ అరిగితే క్రాంకును గ్రైండింగ్ చేసి సన్నం చేస్తారు. తగ్గిన మేరకు మందంగా ఉన్న షెల్స్ వేస్తారు. వీటినే అండర్ సైజు అంటారు. పేరు విని షెల్ చిన్నదనుకోవద్దు. చిన్నదయ్యేది క్రాంకు, షెల్ లావవుతుంది. 0.25 మి.మీ తగ్గిస్తే అంగుళం లెక్కలో దాదాపు పది థౌ, అందుకే మన దగ్గర 'పది సైజు'. 0.50 అయితే ఇరవై, 0.75 అయితే ముప్పై.

ఇక్కడ వరస తప్పకూడదు. ముందు ఆ ఇంజిన్‌కు ఆ సైజు షెల్స్ దొరుకుతాయో లేదో కనుక్కోవాలి, చేతికి వచ్చాక గ్రైండింగ్ చేయించాలి. ముందే గ్రైండింగ్ చేసేసి, తర్వాత షెల్స్ కోసం ఊళ్లన్నీ తిరిగేవాళ్లు తక్కువేం లేరు. కొన్ని ఇంజిన్లకు కంపెనీలు ఒక్క అండర్ సైజే ఇస్తాయి. కొన్నిటికి అసలు ఇవ్వవు, క్రాంకు మార్చుకోమంటాయి.

ఎందుకలా అంటారా? కొన్ని క్రాంకుల పైపొరను నైట్రైడింగ్ అనే పద్ధతిలో గట్టిపరుస్తారు. ఆ గట్టిపొర చాలా పల్చన. గ్రైండింగ్‌లో అది పోయిందంటే కింద మెత్తటి ఉక్కు బయటపడుతుంది. మళ్లీ నైట్రైడింగ్ చేయిస్తే తప్ప అది వేగంగా అరుగుతుంది. ఇండక్షన్ పద్ధతిలో గట్టిపరిచిన క్రాంకులకు పొర లోతుగా ఉంటుంది కాబట్టి ఒకటి రెండు సైజులకు ఇబ్బంది ఉండదు. మీది ఏ రకమో సర్వీస్ మాన్యువల్ చెబుతుంది. లేత్ షాపు పెద్దాయనకూ తెలిసే ఉంటుంది.

గ్రైండింగ్ అయ్యాక జర్నల్ మూలల్లో ఉండే గుండ్రటి వంపు అలాగే ఉందా అని చూడండి. మూల కత్తిలా తేలితే క్రాంకు అక్కడే విరుగుతుంది. వంపు మరీ ఎక్కువైతే షెల్ అంచు దానిమీద ఎక్కి నలుగుతుంది. ఇక క్రాంకు లోపలి ఆయిల్ రంధ్రాల్ని సన్న బ్రష్ పెట్టి, కిరోసిన్‌తో, గాలి కొట్టి శుభ్రం చేయించండి. గ్రైండింగ్ పొడి ఆ రంధ్రాల్లో మిగిలితే ఇంజిన్ స్టార్ట్ చేయగానే ముందు చేరేది కొత్త షెల్స్ దగ్గరికే.

గట్టి బేరింగ్ అంటే మంచి బేరింగేనా?

కాదు! ఇది చాలామందికి మింగుడుపడదు. బేరింగ్ క్రాంకు కన్నా మెత్తగా ఉండాలి. బరువు మోయడానికి బలం ఎంత అవసరమో, నలుసు వస్తే తనలో పొదుగుకోవడానికి, క్రాంకు కాస్త వంకరున్నా దానికి ఒదగడానికి మెత్తదనం అంతే అవసరం. 1839లో ఐజాక్ బాబిట్ తయారుచేసిన తగరం మిశ్రమ లోహం ఇన్నేళ్లు నిలిచింది ఆ మెత్తదనం వల్లే. పాత రోజుల్లో ఆ తెల్ల లోహాన్ని కరిగించి పోసి, స్క్రేపర్‌తో గీకి సరిచేసేవాళ్లు. ఇప్పటి షెల్స్‌ను మాత్రం గీకకూడదు, ఎమెరీ పేపర్ పెట్టకూడదు. కారణం కింద ఉంది.

ఇప్పుడు మార్కెట్‌లో ముఖ్యంగా రెండు రకాలు. బైమెటల్ అంటే ఉక్కు వీపు మీద అల్యూమినియం, తగరం, సిలికాన్ కలిసిన పొర. ఆ పొర సుమారు 0.3 మి.మీ మందం, మామూలు పెట్రోల్ కార్లకు ఇది బాగా సరిపోతుంది. పోత ఇనుము క్రాంకులతో దీనికి పొత్తు బాగా కుదురుతుంది. ట్రైమెటల్ అంటే ఉక్కు మీద రాగి మిశ్రమం, దాని మీద మళ్లీ ఒక మెత్తటి పూత. ఆ పూత 12 నుంచి 25 మైక్రాన్లు మాత్రమే. ఎమెరీ పేపర్‌తో రెండు రుద్దులు రుద్దితే ఆ పూత పోయినట్టే. పాత షెల్‌లో రాగి రంగు బయటపడిందంటే పై పూత అరిగిపోయిందని అర్థం. దీనికి బరువు మోసే శక్తి ఎక్కువ.

టర్బో డీజిల్ కారు ఉన్నవాళ్లు ఇంకో పేరు గుర్తుపెట్టుకోవాలి.. స్పటర్ బేరింగ్. శూన్యంలో లోహపు పూతను పరమాణువుల్లా చల్లి తయారుచేస్తారు. ఇది చాలా గట్టిది, ఖరీదైనది. అందుకే దెబ్బ ఎక్కువ పడే సగానికే వేస్తారు. బిగ్ ఎండ్‌లో పై షెల్‌కు, అంటే రాడ్డు వైపుది. మెయిన్స్‌లో అయితే కింది షెల్‌కు, అంటే క్యాప్ వైపుది. రెండు సగాలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. తారుమారు చేశారో, మామూలు షెల్‌కు ఆ దెబ్బలు తట్టుకునే శక్తి ఉండదు. మీ ఇంజిన్‌కు కంపెనీ స్పటర్ ఇచ్చి ఉంటే, చౌకగా వస్తుందని మామూలు సెట్ వేయించొద్దు. అలాగే రోజూ ఆఫీసుకెళ్లే పెట్రోల్ కారుకు రేసింగ్ షెల్స్ వేయించడం దండగ. గట్టి షెల్ నలుసును పొదుగుకోదు, దాంతో క్రాంకు గీసుకుపోతుంది.

షాపులో కారు పేరు చెప్పొద్దు

ఇంజిన్ కోడ్, ఇంజిన్ నంబర్ చెప్పండి. "స్విఫ్ట్ పెట్రోల్‌కు ఇవ్వండి" అంటే చాలదు. 2005 స్విఫ్ట్‌లో ఉన్నది 1.3 లీటర్ జి సిరీస్, 2010 నుంచి వచ్చింది 1.2 లీటర్ కె సిరీస్. పేరొకటే, లోపల షెల్స్ వేరు. డబ్బా మీద పార్ట్ నంబర్, షెల్ వీపు మీద ముద్రించిన సైజు రెండూ ఒకటేనా చూడండి. డబ్బా ఒరిజినల్‌లా ఉండి లోపల షెల్ మీద ఏ ముద్రా లేకపోతే, లేదా అంచులు గరుకుగా ఉంటే తిరిగిచ్చేయండి. వదులుగా ప్లాస్టిక్ కవర్లో ఇచ్చే షెల్స్ అసలే వద్దు.

బిగించేటప్పుడు పక్కన నిలబడండి

షెల్ వీపు, అది కూర్చునే చోటు రెండూ పొడిగా, శుభ్రంగా ఉండాలి. అక్కడ ఆయిల్ రాయకూడదు. ఆయిల్ రాయాల్సింది క్రాంకు వైపే. షెల్ అంచు క్యాప్ కన్నా తలవెంట్రుకంత పైకి కనిపిస్తే "ఎక్కువైంది" అని ఆకురాయి పెట్టనివ్వొద్దు. అది కావాలనే అలా చేస్తారు. బిగించినప్పుడు ఆ కాస్తా నలిగి, షెల్‌ను తిరగకుండా పట్టి ఉంచేది ఆ బిగుతే. పక్కన ఉండే చిన్న నాలుక షెల్‌ను సరిగ్గా కూర్చోబెట్టడానికే తప్ప ఆపడానికి కాదు.

చాలా ఇంజిన్లలో మెయిన్స్ పై షెల్‌కు కాలువ, ఆయిల్ రంధ్రం ఉంటాయి, కింది షెల్ నున్నగా ఉంటుంది. తొందర్లో నున్నటిది పైన వేస్తే బ్లాక్ నుంచి వచ్చే ఆయిల్ దారి మూసుకుపోతుంది. ఆ జర్నల్‌కే కాదు, దాని నుంచి ఆయిల్ అందుకునే బిగ్ ఎండ్‌కూ చుక్క పోదు. కొత్త ఇంజిన్ కొద్ది కిలోమీటర్లకే పట్టేసిందన్న కథల వెనక ఇలాంటి పొరపాట్లు ఉంటాయి. ఈ ఒక్కటి మాత్రం మీ కళ్లతో చూసుకోండి, దీనికి మెకానిక్ అయ్యుండక్కర్లేదు.

చివరి పరీక్ష ప్లాస్టిగేజ్. సన్నటి మైనపు దారంలా ఉంటుంది. ఆయిల్ లేని పొడి జర్నల్ మీద చిన్న ముక్క పెట్టి, క్యాప్‌ను పూర్తి టార్క్‌తో బిగించి విప్పాలి. ఈలోపు క్రాంకు తిప్పకూడదు. నలిగిన దారం వెడల్పును కవరు మీది స్కేలుతో పోలిస్తే సందు ఎంతో తెలుస్తుంది. ఎంత వెడల్పుగా నలిగితే సందు అంత తక్కువ. తొమ్మిది జర్నల్స్‌కూ చేయడానికి అరపూట పడుతుంది, అందుకే చాలాచోట్ల చేయరు. అడిగి చేయించుకోండి.

క్యాప్‌లు ఏ నంబరువి ఆ నంబరుకే, బాణం గుర్తు ఉన్న వైపే పడాలి. కోణం లెక్కతో బిగించే బోల్టులు చాలా ఇంజిన్లలో ఒకసారికే పనికొస్తాయి, కొత్తవి తెప్పించండి. అన్నీ బిగించాక క్రాంకు చేత్తో నున్నగా తిరగాలి, ముందుకూ వెనక్కీ ఆట సుమారు 0.1 నుంచి 0.3 మి.మీ లోపు ఉండాలి.

మొదటిసారి స్టార్ట్ చేసేముందు స్పార్క్, ఇంధనం కనెక్షన్లు తీసేసి, ఆయిల్ లైటు ఆరిపోయేదాకా సెల్ఫ్ కొట్టించండి. తర్వాతే ఇంజిన్ లేపాలి. మొదటి ఆయిల్‌ను మామూలు కన్నా ముందే, 500 నుంచి వెయ్యి కిలోమీటర్ల మధ్య మార్పించి, తీసిన ఫిల్టర్‌ను కోసి లోపలి కాగితాన్ని తెల్లటి గుడ్డ మీద పరిపించండి. ఒకటీ అరా మెరుపు మామూలే. రేకుల్లాంటి తళుకులు ఎక్కువగా ఉంటే అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే ఇనుము, ఉక్కు. అంటుకోకుండా వెండిలా మెరిస్తే అల్యూమినియం, ఎర్రగా ఉంటే రాగి. ఈ రెండూ షెల్స్ నుంచి వచ్చి ఉండొచ్చు. అలాంటప్పుడు కారును అక్కడే ఆపి, ఛాంబర్ మళ్లీ విప్పించండి.